గువ్వ ఏడుస్తోందనుకున్నాను

సినిమా పాటల్లో గువ్వల జంటను ఎన్నిసార్లు కూర్చోబెట్టానో లెక్కలేదు. పల్లవిలో కువకువలాడించాను, చరణంలో కథానాయకుడి గుండెల మీద ఒదిగించాను. నిజం చెప్పొద్దూ, ఫిల్మ్‌నగర్‌లో మా ఫ్లాట్ ఏసీ పెట్టె మీద ఒక జంట కాపురం పెట్టేదాకా గువ్వను తిన్నగా చూసిన పాపాన పోలేదు.

మట్టిరంగు ఒళ్లు, మెడకింద ఆవాలు చల్లినట్టు చుక్కలు. ఒకదానికి గాలిపటాల మాంజా దారం చుట్టుకుని కాబోలు, కాలి వేలొకటి లేదు. ఇక గూడంటారా, అబ్బే! నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి గుడ్లు పెట్టేశాయి. నా పాటల్లో గూళ్లు ఎంత ముచ్చటగా ఉండేవో! అయినా వాటికోసం ఏసీ వేయడం మానేశాను.

వాటి కూత రికార్డు చేసుకుంటానని ఒక సౌండ్ ఇంజనీరు ఇంటికొచ్చారు. నా పాటలకు ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఊరు షేక్‌పేట. నాకు భర్త లేడు, ఆయనకు భార్య లేదు. కిటికీలో మైకు పెట్టి, పని కాగానే నవ్వారు.

"గీ ఒక్క కూత చాలు మేడమ్. పెండ్లి సీనుకు గిదే ఏస్తం, చావు సీనుకు గిదే ఏస్తం. ఎన్క మ్యూజిక్ మారుస్తం, అంతే."

చాయ్ తాగాక, కప్పు చేతిలోనే పట్టుకుని, "మీరొక్కరు, నేనొక్కణ్ణి. మిగిలిన జిందగీ కలిసుంటే ఏమైతది? జర సోంచాయించుండ్రి" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా ఆయన కుర్చీలో కూర్చుని ఏం మాటండీ అది? బుద్ధుందా మీకు?" అని దులిపేశాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "తప్పుగ అనుకోకుండ్రి. మీరు పిలిస్తేనే మళ్ల వస్త" అని వెళ్లిపోయారు. కలిసుందామన్న మాట నాకు నచ్చింది. అందుకే అంత కోపం.

కొన్నాళ్లకు ఒక డేగ వచ్చి జంటలో ఒకదాన్ని తన్నుకుపోయింది. గుడ్లు చల్లబడిపోయాయి. వేలు లేని గువ్వ బాల్కనీ రెయిలింగ్ మీద కూర్చుని పొద్దస్తమానం ఒకటే కూత. విన్నకొద్దీ నాకు కన్నీళ్లాగేవి కావు. జోడు పోతే గువ్వ ఇక మరో తోడు వెతుక్కోదని నేనే రాశాను కదా. నా పాటల్లో ఏడ్చేది ఎప్పుడూ ఆడపక్షే, కాబట్టి ఇదీ ఆడదే అనుకున్నాను. "నీదీ నాదీ ఒకటే రాత తల్లీ" అనేదాన్ని. దాన్ని చూసినప్పుడల్లా ఆయన్ని పంపేసి మంచిపనే చేశాననిపించేది. మరుక్షణం ఇల్లంతా బోసిగా అనిపించి ఎటూ పాలుపోయేది కాదు.

ఒక పొద్దున బట్టలు ఆరేస్తుంటే ఇంకో గువ్వ వచ్చి వాలింది. అంతే, మన వేలు లేని శాల్తీ మెడ ఉబ్బించి, తల వంచి వంచి దండాలు పెడుతూ దాని చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఓరి నీ దుంప తెగ! ఇది మగవాడు! కూత మాత్రం అదే, నేను వెక్కివెక్కి ఏడ్చిన ఆ కూతే. ఇన్నాళ్లూ ఏడ్వలేదు వీడు, పిలుస్తున్నాడు.

ముందు కోపమొచ్చింది. కాసేపు మా ఆయన ఫొటో వైపు చూడలేకపోయాను. ఆ వచ్చిన గువ్వ పాత గూట్లోంచే ఒక పుల్ల లాగి, సర్ది, మళ్లీ పెట్టింది. అది చూస్తూ ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను.

ఫోన్ తీసి ఇంజనీరుగారికి కలిపి, మాట్లాడకుండా కిటికీ బయటికి చాపాను. తిరిగి చెవి దగ్గర పెట్టుకునేసరికి ఆయన వింటూనే ఉన్నారు.

"గా పిట్టనే గదా మేడమ్?"

"అదే. దాని జోడును డేగ ఎత్తుకుపోయింది. ఇవాళ ఇంకొకటి వచ్చింది."

ఆయన మెల్లగా అడిగారు. "మరి గిప్పుడు ఏ సీనుకు పంపిండ్రు?"

"చాయ్ పెడుతున్నాను, రండి. ఆ కుర్చీలోనే కూర్చుందురుగాని" అన్నాను.