మనుషుల లెన్సు

ఇవాళ నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళి, జీవితంలో మొదటిసారి పెద్ద కెమెరా కొన్నాను.

"ఏం తీస్తారు మామ్మగారూ? దూరాన పిట్టలకైతే ఈ పొడుగు లెన్సు, ఎదురుగా కూర్చునే మనుషులకైతే ఈ చిన్నది. ఇంట్లో ఎంతమందుంటారు?" అన్నాడు కొట్టాయన.

"నేనొక్కదాన్నేనయ్యా."

"అయితే పిట్టల లెన్సే తీస్కోండి."

ఆ మాట గుచ్చుకుంది. పంతంకొద్దీ మనుషుల లెన్సే తీసుకున్నాను. ఎవరైనా లాక్కుంటారేమోనని బస్సులో కొంగుకింద దాచి తెచ్చాను. ఇంటికొచ్చి, లెన్సు అద్దానికి అంటకుండా కెమెరాకి పసుపూ కుంకుమా పెట్టాను. మొదటి ఫోటో మనిషిదే తీయాలని ఉంది. వరండాలో కుర్చీ వేశాను.

రేపు పొద్దున మన వీధివాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటారా? కాఫీ పెడతాను. వచ్చేవాళ్ళు ఈ గ్రూపులో ముందే చెప్పండి, తలుపు కొడితే దొంగలేమోనని హడలిపోతాను.