సంచిలో సీసా

పెత్తరమాస, అంటే పెద్దల అమావాస్య నాడు పొద్దున ఆరింటికే జనగామ స్టేషన్‌కు వచ్చాను. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో గేటు దాటడం లేదు, రైళ్లు కూడా ఆపేస్తారని ప్లాట్‌ఫారం మీద ఒకటే గుసగుసలు. నా గుబులు మాత్రం భుజానికున్న సంచి గురించి.

మహబూబాబాద్‌లో తాగుడు మాన్పించే చోట నలభై రోజులున్న నా మేనల్లుడు తిరుపతిని చిట్యాల దగ్గర మా అక్క ఊరికి చేర్చాలి. ఇరవై రెండేళ్లకే గుడుంబా వాణ్ణి సగం చేసింది. వాళ్ల నాయిన, అంటే మా బావ, దాంతోనే పోయాడు. అయినా పెత్తరమాసకు పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టాలి కదా. మా ఇళ్లలో బావకు సీసా తేవలసింది బామ్మర్దే. అందుకని కండువాలో చుట్టిన క్వార్టర్ సీసా నా సంచిలో ఉంది. తాగుడు మానినవాణ్ణి తేవడానికి మందు మోసుకుపోతున్న తెలివి నాది!

రైలు గంట ఆలస్యంగా వచ్చింది. తొమ్మిదిన్నరకు మహబూబాబాద్‌లో దిగి వెళ్లేసరికి తిరుపతి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చెంపలు కాస్త నిండాయి. అక్కడ చూసుకునే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

"మొదటి పండుగ జర పైలం అన్నా. గిది దాటితే నిలబడ్తడు."

సంచిని వీపు వెనక్కి తోసుకున్నాను. దారిలో సీసా పారేద్దామా అనుకున్నాను, బావ గుర్తొచ్చి చేతులు రాలేదు. తిరుపతి సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి వరంగల్ చేరి, స్టేషన్ బయట పూరీలు తిని జీపెక్కాం. సమ్మె కదా, చార్జీ రెట్టింపు. ఎదుట కూర్చున్న పెద్దమనిషి తిరుపతి తొడ మీద చరిచాడు.

"పెత్తరమాసకు ఇంటికా తమ్మీ? ఇయ్యాల నాయిన పేరు మీద ఒక గుక్క ఏస్తవు గదా!"

వాడు బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

పరకాల ఇంకా రాకముందే జీపు ఆగింది. సమ్మెవాళ్లు రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఎప్పుడు వదులుతారో కనుక్కుందామని సంచి సీటు మీదే మరిచి దిగి, పది నిమిషాల్లో తిరిగొచ్చాను. వాడూ లేడు, సంచీ లేదు.

పక్కనున్న ఈతవనం దాకా పరుగెత్తాను. లేడు. వెనక్కి వస్తే భోజనాల బంతిలో బకెట్ పట్టుకుని పప్పుచారు పోస్తూ కనిపించాడు, భుజాన నా సంచి. దగ్గరికి లాక్కుని నోటి వాసన చూశాను. గుప్పుమంది.

"తాగినవారా?" అని అరిచాను. తింటున్నవాళ్లంతా తలలెత్తారు.

తిరుపతి బకెట్ కింద పెట్టాడు.

"నోరు కాదు మామా, సంచి సూడు. జీపెక్కిన కాన్నుంచి వాసనొస్తనే ఉన్నది. ఇడిస్తే ఎవడన్న ఎత్తుకపోతడని ఏసుకున్న."

కుదుపులకు మూత వదులై కండువా తడిసిపోయి ఉంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. వాడు మాత్రం బకెట్ తీసుకుని పక్క ఆకు దగ్గరికి జరిగాడు.

సాయంత్రం నాలుగున్నరకు అక్క ఇల్లు చేరాం. అడుగున కాస్త మిగిలిన సీసాను బయటికి తీశానో లేదో, పక్కింటి రాజవ్వ నా చేతిలోంచి లాక్కుని పెంట మీద ఒంపేసింది.

"బావకు పెట్టాలె కదా అవ్వా..."

"పోయినోళ్లు ఏమనుకోరు బిడ్డా. మా వాడల ఇయ్యాల అందరం బెల్లం నీళ్లే పెట్టినం. పోరడు ఒక్కడే ఎందుకు వేరుండాలె?"

గుడుంబాకు వాడే నల్లబెల్లమే అది. తిరుపతి గ్లాసు నింపి నాయిన ఫోటో ముందు పెట్టాడు. చుక్క ఒలకలేదు. మిగిలింది వాడూ అక్కా తాగారు. నాకూ ఇచ్చారు. తాగి గ్లాసు కడిగి బోర్లించాను.

మర్నాడు పొద్దున ఆటోలో పెద్దరోడ్డుకు వచ్చి, భూపాలపల్లి నుంచి వస్తున్న జీపెక్కాను. పక్కన సమ్మెలో ఉన్న బొగ్గుబాయి కార్మికుడు. నా సంచి తగలగానే ముక్కు మూసుకున్నాడు.

"పొద్దుగాలనే ఏసినవా అన్నా?"

తాగలేదన్నాను. ఆయన నవ్వి అటు జరిగాడు. మళ్లీ చెప్పాను. జీపులో ఒక్కరూ నమ్మలేదు. తిరుపతికి ఇకనుంచి ప్రతి పొద్దూ ఇట్లాగే ఉంటుంది. కాకపోతే వాడి మాట నమ్మడానికి ఒక వాడ ఉంది. నిన్నటిదాకా ఆ నమ్మేవాళ్లలో నేను లేను.