వరహాలమ్మ ఇంటి ఉత్తరపు గోడ

మా లంకలో మొట్టమొదటి ఇటుక ఇల్లు వరహాలమ్మది. ఆమె మా అమ్మమ్మకు అక్క, కాబట్టి కాస్త గొప్పగానే చెబుతాను. గిట్టనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు. 1930ల మొదట్లో కొల్లేటి మధ్య అన్నీ తాటాకు పాకలే. ఆమె ఉప్పుచేపల గంపలు దోనెలో వేసుకుని ఏలూరు వెళ్ళి అమ్మి, ఆ రాబడితో గుండుగొలను వైపు నుంచి ఇటుక తెప్పించింది. సున్నం మాత్రం నత్తగుల్లలు కాల్చి తానే చేసుకుంది. మొగుడు చిన్నరాజు నోట్లో నాలుక లేని మనిషి. ఇల్లు పూర్తయ్యాక కూడా అది తమదేనని ఆయనకు నమ్మకం కుదరలేదు.

ఆ ఏడు వానలు పట్టగానే ఉత్తరపు గోడకు బయటివైపు చెమ్మ మరకలు లేచాయి. నేల నుంచి నడుం ఎత్తు దాకా నల్లటి తడి. వాన వెలిసి ఎండ కాసినా ఆరవు. సున్నం పెచ్చులుగా ఊడింది. మిగిలిన మూడు గోడలూ నిక్షేపంగా ఉన్నాయి. ఊరిపెద్ద జగ్గయ్య వచ్చి, గోడను తడిమి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఇల్లు ఏడుత్తంది. ఏడ్చే ఇల్లుంటే ఊరంతటికీ చేటు. మళ్ళీ వానలకి గోడ తడిసిందా, పడగొట్టేత్తాం. పాకలో ఉండండి, మాతో పాటు."

మాతో పాటు అన్న మాటలోనే ఉంది ఆయన కడుపుమంట.

చిన్నరాజు ఆ పూటే సామాను సర్దబోయాడు. "పోనీవే వరాలూ, మనకి పాకే అచ్చొచ్చింది."

"నేనుండగా ఒక్క ఇటుక కదలదు మావా," అంది వరహాలమ్మ.

ఎండలు ముదిరేసరికి మరకలు ఆరి, వాటి మీద తెల్లటి పొడి పూసింది. అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళు మరీ హడలిపోయారు. వరహాలమ్మ ఆ పొడి వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ చేపల ఉప్పు చూసిన నాలుక అది. ఉప్పే!

మావాళ్ళకు ఉప్పువేసిన చేపల గంపల్ని గోడకు ఆనించి పేర్చడం అలవాటు. ఆ ఉప్పునీరు కారి గోడలోకి ఇంకుతుంది. పాకకైతే మట్టిగోడ, ఏటా పాతమట్టి గీకి కొత్తది మెత్తుతారు, ఉప్పు దాంతోనే పోతుంది. ఇటుకగోడను ఎవరు గీకుతారు? అయినా అలవాటైన చేతులు కొత్త ఇంటికీ గంపల్ని ఉత్తరపు గోడకే పేర్చాయి.

"వానాకాలం ఉప్పుకుండ దానంతటదే చెమ్మగిల్లదా మావా? గోడా అంతే," అని ఆమె పకపకా నవ్విందట.

ఇంటికి దూరంగా మంచె కట్టించి గంపల్ని దానిమీదికి ఎక్కించింది. పెచ్చులు గీకి, కాలవ ఒండ్రులో తవుడు కలిపి గోడకు మందంగా మెత్తింది. ఆరేకొద్దీ ఆ మట్టి ఉప్పును పైకి లాగి తెల్లబడేది. గీకి పారబోసి, మళ్ళీ మెత్తేది.

"పిచ్చి గోడకి పట్టిందా, నీకు పట్టిందా?" అని జగ్గయ్య దోనెలో పోతూ అరిచేవాడు.

"తమరికి తీరిక పట్టిందండీ," అని ఈమె మర్యాదగానే జవాబిచ్చేది.

మెత్తిన మట్టి నాలుకకు చప్పగా తగిలిన రోజున గుల్లసున్నం కొట్టింది.

వానలొచ్చాయి. కొల్లేరు పొంగి దోనెలు వాకిళ్ళ దాకా వచ్చాయి. ముసురు వెలిసి ఎండ కాసిన మర్నాడు జగ్గయ్య గునపాల మనుషుల్ని వెంటేసుకుని దిగాడు. వెనకే ఊరంతా. గోడ తెల్లగా మెరుస్తోంది.

"పైన సున్నం కొట్టి దాచింది. లోపలంతా తడే," అన్నాడు జగ్గయ్య.

"అయితే ఓసారి ఆనుకుని చూడండి పెద్దయ్యగారూ. నిలబడి అలిసిపోయుంటారు."

చొక్కా లేని మనిషి, నల్లటి వీపు. పంతం కొద్దీ గోడకేసి అదిమి రుద్దాడు. "తడే! చల్లగా తగుల్తంది!" అంటూ జనం వైపు నడిచి, గోడ చూపించడానికి వెనక్కి తిరిగాడు. వీపంతా పొడిసున్నం, పిండి జల్లినట్టు. తడిగోడ నుంచి సున్నం అలా పొడిగా రాలదని అందరికీ తెలుసు. ముందు నవ్వింది ఆయన భార్య రాజ్యమే. ఆ తరవాత లంకంతా నవ్వింది. నవ్వెందుకో తెలియక జగ్గయ్య గిరగిరా తిరుగుతూ తన వీపు అందరికీ చూపించాడు.

మనుషులు గునపాల్ని గోడకు ఆనించి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. అప్పుడు చిన్నరాజు మొదటిసారి ఊరి ముందు గొంతెత్తాడు.

"ఆ గునపాలు తియ్యండి. సున్నం గీరుకుపోద్ది. అది మా ఇల్లు."