అమ్మ బొట్టు కింద

మా ఇంట్లో నేను బొట్టు పెట్టుకోకపోతే దురద వల్ల అని ఎవరూ నమ్మరు. డిగ్రీ చదివినందుకు వచ్చిన పొగరు అంటారు. నెల రోజులుగా స్టిక్కర్ అంటించిన చోటల్లా నా నుదురు ఎర్రబడి పొట్టు లేస్తోంది. ఆ జిగురు నీకు పడటం లేదు, మానేదాకా నుదుటి మీద ఏదీ పెట్టొద్దని చర్మం డాక్టరు చెప్పారు. అమ్మ వినలేదు.

ఈ రోజు పొద్దున బత్తలపల్లెలో పెండ్లికి బయలుదేరుతుంటే, స్టిక్కర్ల అట్ట పట్టుకుని గడపలో అడ్డం నిలబడింది.

"బోడి నొసలు పెట్టుకోని వస్తే నలుగురూ నన్నంటారే."

"దురద అంటే అర్థం కాదామ్మా నీకు?"

"నాకు లేదా దురద? పదైదేండ్ల నుంచి ఉండాది. నేనేమన్నా డాక్టర్ల చుట్టూ తిరిగినానా?"

అమ్మ నుదుటి మీది స్టిక్కర్ నేనే తీసి చూశాను. కింద తెల్లటి మచ్చ, దాని చుట్టూ గోళ్లతో గీరుకున్న గాట్లు. అమ్మ బొట్టు ఏటేటా ఎందుకు పెద్దదవుతోందో అప్పుడు తెలిసింది. మచ్చ పెరిగినప్పుడల్లా పెద్ద సైజు కొనుక్కుంటూ వచ్చింది.

"ఎవరికీ చెప్పాకు, బొల్లి అంటారు," అని గబగబా ఇంకొకటి అంటించుకుంది.

పెండ్లిలో "బొట్టేదమ్మా?" అని నన్ను ఆరుగురు అడిగారు. అమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. మీ ఇంట్లో పెద్ద బొట్టు పెట్టుకునేవాళ్లుంటే ఒకసారి అడిగి చూడండి, ఏం చెప్పారో ఇక్కడ రాయండి.

సోమవారం అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నాను. ఇంట్లో ఉన్న స్టిక్కర్ల అట్టలన్నీ సాయంత్రం పొయ్యిలో వేశాను.