మామ కంటే ముందు మైక్ వచ్చేది

నిన్న పొద్దున సేఠ్ ఫోన్ చేశాడు. నాంపల్లిలో ఆయన మైక్ సెట్ షాపులోనే నా పని.

"అరే, మేయర్ మామ పోయిండురా. హార్ట్ ఎటాక్. నాలుగు స్పీకర్ డబ్బాలు, రెండు మైకులు సదురు జల్ది."

చేతిలో వైర్ చుట్ట ఉంది. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

నిజం చెప్తున్నా. ముందు ఏడుపు రాలేదు. ఊపిరి వచ్చింది. చాలా రోజుల నుంచి లోపల బిగబట్టుకున్న ఊపిరి.

తిట్టేవాళ్లు తిట్టండి. కామెంట్లు ఓపెన్‌గానే ఉన్నాయి. కానీ మొత్తం చదివి తిట్టండి.

మామ మా బస్తీ మనిషే. నాన్న చనిపోయాక అమ్మ ప్రతి ఏడూ ఆయనకు రాఖీ కట్టింది. అందుకే నాకు మామ. తర్వాత సిటీ మొత్తానికి మామ అయిపోయాడు.

నీళ్ల ట్యాంకర్ దగ్గర జనం బిందెలు నిండాలని కొట్లాడి లీడర్ అయ్యాడు. కార్పొరేటర్, ఆ తర్వాత మేయర్. వానకు రోడ్డు మునిగితే ప్యాంటు మడిచి దిగేవాడు. పెద్ద పెద్ద ఆఫీసర్లను కెమెరా ముందే కడిగేసేవాడు. ఆ వీడియోలు మీరూ షేర్ చేశారు, నేనూ చేశాను.

సగం సిటీ దేవుడంది. సగం సిటీ డ్రామా అంది.

మా గల్లీకి నల్లా తెచ్చింది ఆయనే. అది అబద్ధం కాదు. ఆ నీళ్లు తాగే ఈ పోస్ట్ రాస్తున్నా.

ఇప్పుడు చెప్పేది కూడా అబద్ధం కాదు.

అమ్మ అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద కర్చీఫులు, సాక్సులు అమ్ముతుంది. నా చిన్నప్పటి నుంచి అదే జాగా.

మామ మేయర్ అయ్యాక ఒక రోజు సేఠ్ నన్ను అబిడ్స్ పంపాడు. పదింటికల్లా మైక్ పెట్టాలి, మామ ప్రోగ్రాం అన్నాడు. పెట్టాను. అమ్మ జాగాకు ఎదురుగానే. ఏం ప్రోగ్రామో అక్కడ ఎవరికీ తెలియదు.

పదకొండింటికి కార్పొరేషన్ లారీ వచ్చింది, ఫుట్‌పాత్ ఖాళీ చేయించడానికి. ఒకటే అరుపులు. పావుగంటలో మామ దిగాడు. లారీ ముందు రోడ్డు మీద కూర్చున్నాడు. అమ్మ దగ్గర ఒక కర్చీఫ్ తీసుకుని, మొహం తుడుచుకుని, నేను పెట్టిన మైక్ అందుకున్నాడు.

"గిది నా చెల్లె కర్చీఫ్! గీమెను ఎవడు లేపుతడో నేను గూడ జూస్త!"

లారీ వెనక్కి పోయింది. చప్పట్లు. అమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది. నేను ఈల వేశాను.

సాయంత్రం వైర్లు చుడుతుంటే తట్టింది. లారీ వస్తుందని ఎవరికీ తెలియనప్పుడు మైక్ పెట్టమని ముందే ఎవరు చెప్పారు?

ఏదో అలా కలిసొచ్చిందిలే అనుకున్నా. కొన్ని నెలలకు మళ్లీ అదే. ముందు మైక్, వెనక లారీ, చివర మామ. ఈసారి కర్చీఫ్ నీలం రంగుది. అంతే తేడా.

ఫుట్‌పాత్ వాళ్లకు అమ్ముకునే పర్మిషన్ కార్డులు ఇచ్చేస్తే కథ అయిపోయేది. అమ్మ అడిగితే, "కార్డెందుకు చెల్లె, నేనున్న గద" అనేవాడు.

మూడోసారి మామ లేటయ్యాడు. బషీర్‌బాగ్‌లో ట్రాఫిక్. లారీ వాళ్లు ఎంతసేపని ఉత్తగా నిలబడతారు? నిజంగానే మూటలు ఎక్కించడం మొదలుపెట్టారు. అమ్మ తన మూట పట్టుకుని వదల్లేదు. లారీ కదిలింది. అమ్మ కింద పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది.

నేను ఉరికి అమ్మను లేపేలోపే మామ వచ్చాడు. అమ్మ పక్కన కూలబడి, మైక్ పట్టుకుని ఏడ్చాడు. అది నిజం ఏడుపే. అందుకే నాకు ఇంకా మంట.

సేఠ్ నా చెవిలో అన్నాడు: "ఆవాజ్ పెంచు."

పెంచాను.

అమ్మ రోడ్డు మీద ఉంది. నేను పోయి ఆవాజ్ పెంచాను.

తర్వాత మామ తన కారులోనే అమ్మను దవాఖానకు తీసుకెళ్లాడు. ఆ ఫోటో మీ అందరి స్టేటస్‌లో తిరిగింది.

అప్పటి నుంచి సేఠ్ నోట్లోంచి అబిడ్స్ అన్న మాట వస్తే చాలు, నాకు రోడ్డు మీద పడ్డ అమ్మే కనిపించేది. చెప్తే అమ్మకు ఉన్న ఒక్క అన్న పోతాడు, నా పని కూడా పోతుంది. చెప్పకపోతే మళ్లీ లారీ. నోరు మూసుకుని బతికాను. సిగ్గుగా ఉంది.

నిన్న ఆయన ఇంటి ముందు డబ్బాలు కట్టింది నేనే. ఈ రోజు "లైన్‌లో రండి" అని అనౌన్స్ చేసిందీ నేనే. ఆ లైన్‌లోనే అమ్మ వచ్చింది. పూలు తేలేదు. ఒక తెల్ల కర్చీఫ్ ఆయన చేతి పక్కన పెట్టి బయటికి వచ్చింది.

గేటు దగ్గర ఆపి మొత్తం కక్కేశాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పదింటికే నా ముంగట డబ్బాలు దించుతుంటివి. నాకు కండ్లు లేవార?"

"మరి తెల్సి గూడ ఆ మూట ఎందుకు పట్టుకున్నవే?"

"వస్తడు, గిప్పుడే వస్తడు అని పట్టుకున్న. గారోజే లేటైండు మా అన్న."

"నాకెందుకు చెప్పలే?"

"నీ పని పోదా? నువ్వెందుకు చెప్పలే?"

నాకు నవ్వొచ్చింది. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చావు ఇంటి ముందు. జనం మమ్మల్ని వింతగా చూశారు. చూడనీ.

"మరి రాఖీ ఎందుకు కట్టినవే ఇన్నేండ్లు?"

"నల్లా తెచ్చిండు గదర" అంది, కళ్లు తుడుచుకుంటూ. విరిగిన చెయ్యి ఇప్పటికీ పూర్తిగా వంగదు.

సోమవారం అమ్మ కార్డు కోసం కార్పొరేషన్ ఆఫీసుకు పోతున్నాం. దండ, శాలువా ఏమీ లేకుండా. ఫుట్‌పాత్ వాళ్లు ఎవరెవరు వస్తారో రండి. సేఠ్ ఇది చదువుతాడని తెలుసు. చదవనీ.

మామా, నీ ప్రోగ్రాం అయిపోయింది. మైక్ ఆఫ్ చేశాను, వైర్లు చుట్టేశాను.

ఇక నిమ్మళంగా పడుకో.

మేము కూడా పడుకుంటాం.