అవునని పలకని వదిన

ఇట్లా దగ్గరకు జరిగి కూర్చోండి, చెవికి అందేటట్టు చెబుతాను, ఇది గట్టిగా చెప్పుకునే ముచ్చట కాదు.

మొన్న నాగర్‌కర్నూల్‌లో బిడ్డ ఇంటికి పోతే, మనుమరాలు ఫోన్ నా మొఖం ముందర నిలబెట్టి, చేన్ల పాట ఒకటి పాడమని, లోకమంతా వింటుందని పట్టుబట్టింది. మా బిడ్డ వంటింట్లోంచి తొంగిచూసి, ఎవరినైనా ఏమైనా అనే పాట వద్దు, ఊరి గ్రూపులో లేనిపోని పంచాయితీ అవుతుంది, దేవుని పాట పాడమంది. నోరు తెరిచాను గానీ దేవుని పాటా రాలేదు, చేన్ల పాటా రాలేదు. గొంతు నొప్పి అని చెప్పి తప్పించుకున్నాను. ఆ అబద్ధం చిన్నది. దాని వెనుక ఉన్నది పెద్దది.

నాకు బడి రెండో తరగతితోనే సరి. అయితే విన్న మాట మరిచిపోను, విన్నదాన్ని పాట కట్టకుండా ఉండలేను. గద్వాల దిక్కు మా ఊళ్లలో సీడుపత్తి, అంటే కంపెనీల విత్తనం కోసం వేసే పత్తి, జోరుగా సాగిన రోజులవి. మాపటికి ఆడపత్తి మొగ్గల పైతోలు గిల్లి, లోపలి పుప్పొడి కాడలు తీసి ఎర్రకాగితం గుర్తు పెట్టేవాళ్లం. తెల్లారి మగపువ్వు తెచ్చి ఒక్కొక్క మొగ్గకూ రుద్దేవాళ్లం. క్రాసింగ్ అనేవాళ్లు ఆ పనిని. మేము రుద్దిన పువ్వులోంచి వచ్చే గింజ ఏ దేశం కంపెనీదో, ఏ దేశం పోతుందో మాకు తెలియదు, మా వేళ్లకు మాత్రం ఆ జిగురు సబ్బుకు కూడా పోయేది కాదు.

వంగి పని చేస్తూ పాడేవాళ్లం. ముందు నేను ఎత్తుకుంటే, సాలు పొడుగునా ఆడవాళ్లంతా "అవునే సెల్లెలా" అని అందుకునేవాళ్లు. దానికొక రివాజు ఉండేది. పాటలో అబద్ధం చెబితే ఎవ్వరూ అవుననరు, పాట అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒకసారి మా ఆయన నాకు పట్టుచీర తెచ్చాడని పాడితే సాలంతా మూగదైపోయింది, తర్వాత పొద్దుగూకేదాకా నవ్వులే నవ్వులు.

అందరికంటే ముందు అవుననే గొంతు మా వదినది, మా పెద్దన్న భార్య. తల్లి లేని నాకు జడలు వేసింది ఆమే. ఒకరోజు మేము సాళ్లలో ఉండగానే పక్కన పురుగుల మందు కొట్టారు. మధ్యాహ్నానికి వదిన కళ్లకు మబ్బు కమ్మి చేన్లోనే పడిపోయింది. ఆసామి ఎండదెబ్బ అన్నాడు, కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ వారంలోనే నేను పాట కట్టాను:

మందు గొట్టిన సాల్ల నడిస్తిమమ్మా,
మా వదినె కండ్లల్ల మబ్బు గమ్మెనమ్మా.

సాలంతా అవునంది. వదిన గొంతు అన్నిటికంటే పైన వినిపించింది.

కొన్నాళ్లకు పై దేశం నుంచి కంపెనీవాళ్లు చేను చూడడానికి వస్తున్నారని కబురు వచ్చింది. ఆడవాళ్లు ఉండగా మందు కొడుతున్నారా అని అడుగుతారట. కంపెనీకీ ఆసాములకూ నడుమ ఉండే విత్తనాల ఆర్గనైజర్ మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి, నెమ్మదిగానే చెప్పాడు. మందు ముచ్చట బయటికొస్తే వచ్చే ఏడు ఈ ఊళ్లో సీడు ఉండదు, మళ్లీ పుణె మట్టిపనికి మూటలు కట్టుకోవాల్సిందేనన్నాడు. మా ఆయన పుణె నుంచి నడుం విరుగగొట్టుకుని వచ్చి ఆరు నెలలు కాలేదు. ఇంటికి పోయే దారిలో వదిన నా చెయ్యి పట్టుకుంది.

"అడిగితే మాకెవ్వరికి మాటలు రావు పిల్లా. నువ్వు పాడు, నేను అవునంట. జర మమ్ముల బయటికి పంపి మందు కొట్టుకొమ్మను, గంతే."

పాడతానన్నాను. ఒట్టు కూడా వేశాను.

వాళ్లు వచ్చారు. తెల్లగా ఉన్న ఆమె ఒకతె, ఆమె మాటను తెలుగులోకి తిప్పేవాడొకడు. ఏవేవో అడిగాక, మీరు పనిలో పాడుకునే పాట వినిపించమంది. ఆర్గనైజర్ నా దిక్కు చూశాడు. వదిన కూడా చూసింది. నేను ఎత్తుకున్నాను:

సల్లగాలి వీసంగ నడిస్తిమమ్మా,
మా వదినె కండ్లల్ల వెలుగు నిండెనమ్మా.

అవునే సెల్లెలా అన్నారు అందరూ, తలలు వంచుకుని. ఆ రివాజు తెగడం నేను చూసింది అదే మొదలు. ఒక్క గొంతు మాత్రం కలవలేదు. వదిన మొగ్గను వేళ్ల మధ్య పట్టుకుని అట్లాగే నిలబడింది. తెల్లామె పాటను చేతిలోని మిషన్లో పట్టుకుంది, చప్పట్లు కొట్టి, జిగురంటిన నా చేతులు పట్టుకుని ఫొటో దిగింది. నా పాట ఏ దేశంలో ఎవరు విన్నారో, పత్తి ఆడవాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో అనుకున్నారేమో. తలుచుకుంటే ఈనాటికీ సిగ్గుతో మొఖం కాలుతుంది.

మందు కొట్టడం ఆగలేదు. మూడేళ్లకు వదిన చూపు తగ్గి పనికి రావడం మానేసింది. ఒకనాడు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని తప్పయిందన్నాను. తడుముకుంటూ నా తల మీద చెయ్యి వేసింది.

"నువ్వేం జేస్తవు పిల్లా, అందరికి కడుపులున్నయి. నా నోటికే అవును రాలే."

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను చేన్లో పాట ఎత్తుకోలేదు. వదిన పోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు ఇంటింటికీ ఫోన్లున్నాయి, ఒక మాట అంటే సముద్రాలు దాటుతుంది. అయినా అనేముందు అందరం అటూ ఇటూ చూసుకుంటాం. ఆనాడు గట్టు మీద ఒక ఆర్గనైజర్ కూర్చునేవాడు, ఇప్పుడు ప్రతివాడి గొంతులోనే ఒకడు కూర్చున్నట్టుంది. బిడ్డ ఇంట్లో ఆ రోజు అందరూ బజారుకు పోయాక, ఒక్కదాన్నే కూర్చుని ఆ మొదటి పాటను, మందు పాటనే, మెల్లగా పాడుకున్నాను. పాడి, ఆగాను. అవుననే గొంతు కోసం చాలాసేపు ఎదురుచూశాను.

విన్నారు, చాలు. మీ గడప చల్లగా ఉండాలి, మీ ఇంట్లో నిజం చెప్పే నోరొకటి ఉండాలి, దానికి అవునని పలికే గొంతు ఏనాడూ కరువు కాకూడదు.