కన్ను కొట్టిన బండి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. ఆటోమొబైల్ డిప్లొమా చేతికొచ్చింది, నెల్లూరులో ఒక కార్ల షెడ్డులో పనిలో చేరాను, నీలం యూనిఫాం జేబులో టెస్టర్ పెట్టుకుని చుట్టాల ఇళ్ళకు కూడా అలాగే వెళ్ళేవాణ్ణి. (ఆ టెస్టర్‌తో అప్పటిదాకా నేను సొంతంగా బాగుచేసింది మా ఇస్త్రీపెట్టె ఒక్కటే. అదీ మర్నాడే మళ్ళీ చెడిపోయింది.) ఇప్పుడు ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వెంటనే మా మేనత్త గుర్తొస్తుంది, ఇక ఆ నవ్వు సాగదు.

అత్తది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున జాలర్ల పాళెం. మామ వేటకు వెళ్ళేవాడు, అత్త ఆ చేపల్ని కావలి మార్కెట్లో అమ్మేది. ఆమె గంపలు మోయలేక అవస్థ పడుతోందని మామ ఒక పాత డీజిల్ కారు కొని, వెనక సీట్లు పీకించి చేపల బండి చేశాడు. ఒడ్డున ఇసుకలోనే ఆమెకు డ్రైవింగు నేర్పాడు. పాత బండి కాబట్టి దాంతో వచ్చింది ఒకటే తాళం, అది మామ మొలతాడుకు ఉండేది. అక్కడి మగవాళ్ళు వేటకెళ్ళేటప్పుడు ఏ తాళమైనా అలాగే కట్టుకుంటారు. జేబులో పెడితే సముద్రం లాక్కుపోతుంది, మొలతాడైతే మనిషిని వదలదని వాళ్ళ లెక్క. బోటు ఒడ్డుకొచ్చి, మామ తాళం విప్పి ఇచ్చేదాకా అత్త ఆ బండి పక్కనే నిలబడి ఎదురుచూసేది.

ఒకరోజు బోటు బోల్తా కొట్టింది. తోటివాళ్ళు ఈదుకుంటూ వచ్చారు. మామ రాలేదు, ఆయన శవమూ దొరకలేదు. ఎదురుచూసి ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి కార్యం జరిపిద్దామన్నారు పెద్దలు. "మనిషి కనపడకుండా గడ్డికి కార్యమేందన్నా?" అని అత్త మొండికేసింది. బొట్టు తియ్యలేదు. కడుపు మాత్రం ఊరుకోదు కదా, కావలి బస్టాండు దగ్గరి తాళాలవాణ్ణి తీసుకొచ్చి, బండి తలుపుకు సరిపోయేలా మారుతాళం చేయించుకుంది. తలుపు తెరుచుకుంది, తాళం తిరిగింది, ఇంజను గరగరమంది, బండి మాత్రం స్టార్టవలేదు. అప్పుడు నన్ను పిలిచారు.

యూనిఫాంలోనే దిగాను. పాళెం పాళెమంతా చుట్టూ చేరింది. బ్యాటరీ అన్నాను. బోటు బ్యాటరీ తెచ్చి తగిలించారు. కాదు, డీజిల్‌లో నీళ్ళన్నాను. ట్యాంకు ఖాళీ చేయించాను. ఫ్యూజులన్నీ పీకి, ఏది ఎక్కడిదో మరిచిపోయి, అంతా తెలిసినట్టే మళ్ళీ గుచ్చాను. దాంతో హారను దానంతటదే మోగడం మొదలైంది. మామ వాళ్ళ అన్నయ్య (మేమంతా పెదమామ అనేవాళ్ళం) చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, "ఇది మెకానిక్కుల పని గాదబ్బయ్యా. మా తమ్ముడు యాడికీ పోలా, బండిలోనే ఉండాడు" అని తేల్చేశాడు. నేను నవ్వాను. మళ్ళీ తాళం తిప్పితే, మీటరు పక్కన చిన్న ఎర్రలైటు టపటపమని ఆరుతూ వెలిగింది. పొద్దుట్నుంచీ అది అలా వెలుగుతూనే ఉంది, పట్టించుకోలేదు అంతే.

అత్త కిటికీలోంచి తల లోపలికి పెట్టింది. "అదుగో చూడరా, కన్ను కొడతా ఉండాడు మీ మామ. నేను అలిగినప్పుడు అట్టనే కొట్టేవాడు" అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చేసింది. నిమ్మకాయల మీద నవ్విన నేను కూడా వంగి ఆ లైటు వంకే చూశాను.

ఆ లైటు చెబుతున్న సంగతి అప్పటికి వెలిగింది నాకు. దొంగలు ఎత్తుకుపోకుండా కంపెనీ వాళ్ళు తాళం నల్ల పిడిలో చిన్న చిప్పు దాస్తారు. బండి గుర్తుపట్టేది ఆ చిప్పునే, ఇనుప ముక్కను కాదు. చిప్పు లేని తాళం తిప్పితే తనవాళ్ళు కాదనుకుని ఇంజనుకు డీజిల్ వదలదు. ఆ మాటే అత్తకు చెప్పాను. "అంటే మీ మామ తాళం తప్ప ఇంకోటి ఒప్పుకోదన్నమాట. నేను మారుతాళంతో సర్దుకోబోయినా. నాకన్నా అదే నయం" అంది.

మరుసటి వారం షెడ్డు నుంచి, బండి లోపలి కంప్యూటరును చదివే స్కానరు, చిప్పున్న కొత్త తాళం తీసుకుని వెళ్ళాను. అంతా సాఫీగా సాగింది. చివర్లో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. బండి జ్ఞాపకంలోంచి పాత తాళాన్ని తుడిచేయాలా, వద్దా? పోయిన తాళం ఎవరికైనా దొరికితే బండి ఎత్తుకుపోతారు కాబట్టి తుడిచేయాలనేది షెడ్డు నియమం. నా వేలు మీట మీదికి పోతోంది.

"ఏందిరా అడగతా ఉండాది?" అంది అత్త.

చెప్పాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. చేపలు కోసీ కోసీ గరుకెక్కిన చెయ్యి. "తుడిచేయబాక అబ్బయ్యా. రేపు ఆయన వొచ్చి తాళం తిప్పితే, నువ్వెవరని అడగదా బండి? ఆయన కొన్న బండి ఆయన్నే అట్టా అడిగితే ఎంత సిగ్గురా!"

సముద్రంలో పోయిన తాళాన్ని ఎత్తుకెళ్ళే దొంగ ఎవడుంటాడు? వద్దని నొక్కాను. కొత్త తాళం తిప్పితే బండి ఒక్కసారిగా అందుకుంది, ఎర్రలైటు ఆరిపోయింది. పిల్లలు కేకలు పెట్టారు, పెదమామ నిమ్మకాయల మహిమ అన్నాడు. అత్త మాత్రం లైటు ఆరిన చోటే చూస్తూ ఉండిపోయింది. బండి కదిలిందన్న సంతోషంకన్నా, ఆ కన్ను మూతపడిందన్న బాధే ఆమె ముఖంలో ఎక్కువ కనిపించింది.

తర్వాత ఎప్పుడో, పెదమామ మనవరాలి పెళ్ళి ముందు కార్యం జరిపించాలని అందరూ పట్టుబడితే అత్త తలొంచింది. దర్భబొమ్మకు నిప్పు పెట్టారు, ఆమె బొట్టు తీశారు. నేను ఇప్పుడు కృష్ణపట్నంలో కంపెనీ బండ్ల షెడ్డు చూసుకుంటున్నాను. పోయిన తాళాన్ని ముందు తుడిచేయాలని కొత్తగా చేరినవాళ్ళకు గట్టిగా చెబుతుంటాను కూడా. మొన్న అత్త ఆ తుప్పుబండినే నడుపుకుంటూ వచ్చింది, ఏదో చప్పుడు వస్తోందని. స్కానరు తగిలించాను.

"ఉండాదా?" అంది మెల్లగా.

నాకు అర్థమైంది. "మరి కార్యం చేశావు కదత్తా?"

"అది లోకం కోసం చేసినాలే. బండికి మాత్రం చెప్పబాక."

తెర మీద తాళాల జాబితా చూశాను. కొత్త తాళం పైన పాత తాళం అలాగే ఉంది. ఇస్త్రీపెట్టె కూడా బాగుచేయడం రాని ఆ యూనిఫాం కుర్రాడు ఆ రోజు చేసిన ఒకే ఒక్క రిపేరు ఇప్పటికీ చెడిపోకుండా ఉన్నందుకు నవ్వొచ్చింది.

"ఉండాదత్తా," అన్నాను.